నాలుగున్నర అడుగులు

మా నాయన తిరుపాలు
అనంతపురం ఆఫీసర్ల క్లబ్బులో మార్కరు.
సోమవారం నుంచి శనివారం దాకా
కోర్టుకు లోపలి గీతలే గీసేవాడు.
జడ్జీగారూ కంటి డాక్టరుగారూ
నలుగురై దిగే ఆదివారం మాత్రమే
పక్కనుండే నాలుగున్నర అడుగులకు
సున్నం దక్కేది.
"సున్నం ఊరికే వస్తాదా మ్మే?"

తక్కిన ఆరు రోజులూ
అది కోర్టూ కాదు, బయటా కాదు.
బంతులేరే పిల్లలు నిలబడే చోటు.
నేను నిలబడిన చోటు.
తర్వాత పదహారేండ్లు
ఆ చోటులోనే కూడు తిన్నాను.

సింగిల్స్ నాకు రాలేదు.
ఒప్పుకోడానికి ఇప్పుడు సిగ్గు లేదు.
బేస్‌లైను కాడ నిలబడితే
ఆషాఢం గాలికి వేరుశనగ పొట్టు మాదిరి
ఎటు కొడితే అటు పోయేదాన్ని.
నెట్టు దగ్గర మాత్రం నాకు చూపుండేది.
బంతి రాకముందే
అవతలామె భుజం నాతో చెప్పేసేది.

షోలాపూరు, గురుగ్రాము, తాష్కెంటు, మొనాస్టిరు.
పేర్లు రాసే కాగితం ముందర
పెన్ను పట్టుకొని నిలబడి
"నీకు జోడీ ఉందా?" అని
మొహమాటం చంపుకొని అడగడమే సగం ఆట.
ముప్పైఏడు మందితో ఆడినాను.
అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టి
"పెండ్లి ఒకటీ కాలేదు గానీ
ముప్పైఏడు జోడీలంట" అని
శనక్కాయల మిల్లులో ఆడోళ్లను నవ్వించేది.

గెలిచిన డబ్బులో సగం జోడీది.
నా సగంలో సగం విమానానిది,
మిగిలిందాంట్లో రాకెట్టు తీగలది,
ఇంకా మిగిలితే భుజం పిసికేవాడిది.
అయినా ఒక వానాకాలం
నా పేరు పక్కన నూట నలభై మూడు అని పడింది.
మా ఊరి పేపరోళ్లు 'సుంకమ్మ జోడీ గెలుపు' అని రాసి
జోడీ పేరు రాయలేదు.
తాష్కెంటు పేపర్లో
ఆ రాయని పేరు నాది.

జోడీ పేరు గుల్నోజా.
ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక వాక్యం.
వీపు వెనక వేళ్లతో మాట్లాడుకున్నాం.
ఒక వేలు: కదలను.
రెండు వేళ్లు: దాటుతా.
పిడికిలి: నీ ఇష్టం, నేనుండాను.
అరవడానికి మాత్రం ఒక మాట కావాల్సొచ్చింది.
"ఇడువు" నేర్పించినా.
బంతి బయటికి పోతాదనుకుంటే ఇడువు.
మూడక్షరాలు.
ఆమె నోట్లో రెండే అయ్యేవి, "ఇడ్వు!"

మూడేండ్లకు విడిపోయినాం.
ఒక మెసేజీ, చివర్లో ఏడుపు బొమ్మ.
ఆమె తప్పు లేదు. నా భుజం అప్పటికే
తలకు నూనె రాసుకోడానికి కూడా లేచేది కాదు.

ఆఖరి ఏడాది, అంటాల్యాలో,
నెట్టుకు అవతల గుల్నోజా, పక్కన కొత్త పిల్ల.
మూడో సెట్టు బదులు పది పాయింట్ల ఆట.
తొమ్మిది ఎనిమిది మాది.
నేను లేపిన లాబు
గాలికి ఊగుతా ఊగుతా పోతావుంది.
కొత్త పిల్ల రాకెట్టు ఎత్తింది.
"ఇడ్వు!"
ఆ పిల్ల తిరిగి ఆమె మొహం చూసింది.
అదేం మాటో, ఏ దేశానిదో దానికేం తెలుసు.
బంతి లోపలికి వాలి
ఆ నాలుగున్నర అడుగుల్లోనే పడింది.

గెలిచినాం. నేను ఎగరలేదు.
నెట్టు కాడ చేతులు కలిపేటప్పుడు
గుల్నోజా కాసేపు
నా చెయ్యి ఇడవలేదు.

ఇప్పుడు క్లబ్బులో సింథటిక్ కోర్టు.
పక్క గీతలు ఏడు రోజులూ ఉంటాయి.
నా దగ్గర నేర్చుకునే పిల్లలు
సింగిల్సే ఆడతామంటారు, నేనూ కాదనను.
పొద్దున్నే నాయన నాతోపాటు వచ్చి
ఆ తెల్లగీతను బొటనవేలితో రుద్ది చూస్తాడు.
"తుడిస్తే పోదా మ్మే?"
"పోదు నాయనా."

అయినా తొక్కడు.
దాటుకొని పోతాడు.